నరం లాగే రోజులు పోయాయి

కాళ్లలో ఉబ్బిన సిరలకు సూది దూరేంత రంధ్రంతో వైద్యం వచ్చి పాతికేళ్లు దాటింది. పొద్దున చేయించుకుని సాయంత్రానికి ఇంటికి నడిచి వెళ్లొచ్చు. అయినా పుండు పడ్డాకే ఆస్పత్రి గడప తొక్కేవాళ్లు ఇంకా ఉన్నారు. ఎందుకు?

కాలి మీద సన్నటి నీలిగీత కనబడగానే కంగారుపడి స్పెషలిస్టు అపాయింట్‌మెంట్ తీసుకునేవాళ్లు ఒక రకం. పిక్కల మీద సిరలు మెలికలు తిరిగి పైకి తేలినా పట్టించుకోరు ఇంకో రకం వాళ్లు. చీలమండ దగ్గర చర్మం నల్లబడితే ఎండకేమోలే అనుకుంటారు. దురద పుడితే మందుల షాపులో అడిగి ఏదో లోషన్ రాస్తారు. అది గోకి గోకి పుండై, మానక, పసుపూ పొడులూ ఆయింట్‌మెంట్లూ అన్నీ అయ్యాక కొడుకో కూతురో లాక్కొస్తే అప్పుడు వస్తారు. మొదటి రకంలో చాలామందికి వైద్యమే అక్కర్లేదు. రెండో రకం వాళ్లు ఏళ్ల కిందటే రావలసింది. వేరికోస్ వెయిన్స్ విషయంలో అసలు తిరకాసు మెషిన్లలో లేదు, ఈ వరసలో ఉంది. ముందు రావలసినవాళ్లు చివర వస్తున్నారు.

వాళ్లను కదిపి చూస్తే భయం బయటపడుతుంది. ‘ఆపరేషనంటారండీ. గజ్జల దగ్గర కోసి నరం మొత్తం బయటికి లాగేస్తారట. మా చిన్నాన్నకు అలాగే చేశారు. నెల్లాళ్లు సరిగ్గా లేవలేదు. కొన్నేళ్లకు మళ్లీ వచ్చింది.’ ఈ మాట ఏ ఊళ్లోనైనా వినిపిస్తుంది. చిన్నాన్న విషయం అబద్ధమేమీ కాదు. కాకపోతే అది పాతిక ముప్పయ్యేళ్ల కిందటి నిజం.

రెండో కాలు ఇవ్వనన్న సేనాని

ఈ వైద్యానికి భయపడటం మన చిన్నాన్నలతో మొదలవలేదు. క్రీస్తుకు పూర్వం రోమ్‌లో గయస్ మారియస్ అనే సేనాని ఉండేవాడు. ఏడుసార్లు కాన్సుల్ పదవి చేసినవాడు. ఆయన రెండు కాళ్లనిండా ఉబ్బిన సిరలే. చూడ్డానికి అసహ్యంగా ఉన్నాయని శస్త్రవైద్యుణ్ని పిలిపించాడు. మత్తుమందుల్లేని ఆ కాలంలో రోగిని కట్టేసి కోసేవారు. తనకు కట్లు అక్కర్లేదని మారియస్ కాలు చాపాడు. కోస్తున్నంతసేపూ కదల్లేదు, మూలగలేదు. ఒక కాలు పూర్తయి వైద్యుడు రెండో కాలి వైపు తిరిగేసరికి మాత్రం వద్దన్నాడట. పడ్డ బాధకు తగ్గ ఫలితం కాదిది అని ఆయన తేల్చుకున్న సంగతి ప్లూటార్క్ రాసిన జీవితచరిత్రలో ఉంది. యుద్ధాలు గెలిచినవాడే అలా అంటే మామూలు మనుషుల సంగతి చెప్పాలా!

ఆధునిక శస్త్రచికిత్స 19వ శతాబ్దం చివర్లో మొదలైంది. జర్మన్ సర్జన్ ఫ్రెడరిక్ ట్రెండెలెన్‌బర్గ్ తొడలోని పెద్ద సిరను దారంతో కట్టేసే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. కట్టేస్తే చాలదు, సిరనే తీసేయాలన్నవాళ్లు ఆ తర్వాత వచ్చారు. 1907లో అమెరికన్ సర్జన్ బాబ్‌కాక్ వంగే తీగ ఒకటి తయారు చేశాడు. దాన్ని సిర లోపలికి ఒక కొస నుంచి ఇంకో కొసదాకా దూర్చి, చివర గుండు బిగించి, సిరతో సహా బయటికి లాగేయడమే పని. స్ట్రిప్పింగ్ అంటే ఇదే. వెన్నులో మత్తు, గజ్జల్లో ఒక కోత, మోకాలి దగ్గరో చీలమండ దగ్గరో మరొకటి, తొడంతా కమిలిపోవడం, వారాల తరబడి కట్టు. దాదాపు వందేళ్లు ప్రపంచమంతా దీన్నే నమ్ముకుంది. కోసిన చోట గజ్జల్లోనే కొత్త చిన్న సిరలు పుట్టుకొచ్చి మళ్లీ ఉబ్బడం దీనికున్న మొండి సమస్య.

రక్తం ఎందుకు కిందికి జారుతుంది

వాడుకలో నరాలంటాం గానీ ఇవి వాడేసిన రక్తాన్ని గుండెకు తిరిగి చేర్చే సిరలు. పాదం నుంచి గుండెదాకా నాలుగడుగుల ఎత్తుకు రక్తం ఎక్కాలి. ఎక్కించే పని పిక్క కండరానిది. నడిచినప్పుడల్లా అది బిగుసుకుని లోపలి సిరలను పిండుతుంది. ఎక్కిన రక్తం దిగిపోకుండా సిరల లోపల చిన్న చిన్న కవాటాలుంటాయి. బావి మోటారుకు ఫుట్‌వాల్వ్ పాడైతే ఏమవుతుందో రైతులకు చెప్పనక్కర్లేదు. మోటారు ఆపగానే పైపులో నీళ్లన్నీ కిందికి జారిపోతాయి. కాళ్లలో కవాటాలు వదులైనా అంతే.

కదలకుండా నిలబడ్డ మనిషికి చీలమండ దగ్గర సిరలో ఒత్తిడి 80 నుంచి 90 ఉంటుంది. బీపీ కొలిచే మిల్లీమీటర్లే ఇవీనూ. నాలుగడుగులు వేయగానే అది 30 దరిదాపులకు పడిపోవాలి. కవాటాలు చెడినవాళ్లలో నడిచినా అంతగా పడదు. పగలంతా ఆ ఒత్తిడిలోనే ఉన్న చర్మం మెల్లమెల్లగా దెబ్బతింటుంది. సాయంత్రానికి కాళ్లు బరువెక్కడం, పిక్కలు లాగడం, సాక్సుల అచ్చు పడేలా వాపు రావడం, రాత్రిళ్లు కండరం పట్టేయడం, తర్వాత నలుపు, గట్టిపడటం, పుండు. అందరికీ చివరిదాకా వెళ్లదు. ఎవరికి వెళ్తుందో ముందే చెప్పడం మాత్రం కష్టం.

ఇది ఆడవాళ్ల జబ్బనే అపోహ ఒకటుంది. స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో 18 నుంచి 64 ఏళ్లవాళ్లను వరసగా పరీక్షించి 1999లో వెల్లడించిన ఫలితాల్లో పెద్ద సిరలు ఉబ్బినవాళ్లు మగవాళ్లలో 40 శాతం, ఆడవాళ్లలో 32 శాతం తేలారు. ప్యాంటు మాటున దాగినంతమాత్రాన లేనట్టు కాదు! కారణాల్లో అమ్మానాన్నల నుంచి వచ్చేదే ముందు చెప్పుకోవాలి. ఆ తర్వాత వయసు, కాన్పులు, ఒళ్లు, గంటల తరబడి నిలబడే పని.

ఊబకాయమైనా కాన్పులైనా చివరికి చాలామందిలో జరిగేది ఒకటే. తొడ లోపలి వైపు నుంచి పాకే అతిపెద్ద పైసిర, గజ్జల దగ్గర లోతు సిరలో కలిసేచోట కవాటం వదులవుతుంది. అక్కడి నుంచి రక్తం వెనక్కి జారి కిందున్న కొమ్మలన్నిటినీ ఉబ్బిస్తుంది. పైకి కనబడే మెలికలు ఆ కొమ్మలే. అసలు దొంగ తొడలో దాక్కుని ఉంటాడు, బయటికి కనబడడు. కనబడే మెలికలను మాత్రమే తీయించుకున్నవాళ్లకు మళ్లీ రావడంలో వింతేమీ లేదు.

స్టూలు మీద నిలబడి చేయించుకునే స్కాన్

అందుకే ఈ వైద్యంలో లేజరు కన్నా ముందు అడగవలసింది డాప్లర్ స్కాన్ గురించి. బాగా చేసే చోట అదెలా ఉంటుందో చూద్దాం. రోగిని పడుకోబెట్టరు. చిన్న స్టూలు ఎక్కించి, పక్కనున్న కడ్డీ పట్టుకుని, బరువంతా రెండో కాలి మీద వేసి నిలబడమంటారు. గజ్జల దగ్గర చల్లటి జెల్లీ రాసి ప్రోబ్ ఆనిస్తారు. తెర మీద ఒక పెద్ద నల్లటి గుండ్రం, దాని నెత్తిన రెండు చిన్న గుండ్రాలు కనబడతాయి. ప్రపంచమంతటా డాక్టర్లు దాన్ని మిక్కీ మౌస్ అనే పిలుస్తారు. పెద్దది లోతు సిర, ఒక చెవి ధమని, రెండో చెవి మనం వెతుకుతున్న పైసిర. డాక్టరు ఒక చేత్తో ప్రోబ్ కదలకుండా పట్టుకుని రెండో చేత్తో పిక్కను గట్టిగా పిండుతారు. సిరలో రక్తం పైకి ఎగిరి తెర మీద ఒక రంగు మెరుస్తుంది. చెయ్యి వదలగానే ఆ రంగు ఆరిపోవాలి. కవాటం చెడితే ఆరిపోదు, రంగు మారి వెనక్కి పారుతూనే ఉంటుంది. అర సెకను దాటి పారితే జబ్బున్నట్టు లెక్క. బాగా ముదిరిన కాళ్లలో రెండు మూడు సెకన్లు, ఇంకా ఎక్కువే పారుతుంది. పక్కన నిలబడి చూస్తే మనకే తెలిసిపోతుంది.

గజ్జల నుంచి చీలమండదాకా, మోకాలి వెనకనున్న చిన్న సిర, మధ్యలో పైసిరలనూ లోతు సిరలనూ కలిపే దారులు, అన్నీ చూసి కాలి బొమ్మ మీద గుర్తులు పెడతారు. ఇక్కడే ఇంకో ముఖ్యమైన సంగతి తేలుతుంది. లోతు సిరల్లో ఎప్పుడో గడ్డ కట్టి దారి మూసుకుపోయి ఉంటే, ఉబ్బిన పైసిరలే రక్తానికి మిగిలిన దారి కావచ్చు. అలాంటి కాల్లో వాటిని మూసేస్తే ఉన్నది కూడా పోతుంది. పడుకోబెట్టి రెండు నిమిషాల్లో ముగించిన స్కాన్ చూపించి ‘రేపే లేజర్’ అంటే మాత్రం ఇంకో డాక్టరును కలవడం మంచిది. నా మటుకు నాకు, ఏ ఆస్పత్రిలో ఏ కంపెనీ మెషిన్ ఉందన్నది కాదు, స్కాన్ ఎవరు ఎలా చేశారన్నదే మొదటి ప్రశ్న.

లాగకుండా మూసేయడం

కొత్త పద్ధతులన్నిటి వెనకా ఉన్న ఆలోచన ఒకటే. సిరను బయటికి తీయనక్కర్లేదు, లోపలి నుంచి మూసేస్తే చాలు. మూసుకుపోయిన సిర పీచులా గట్టిపడి నెలల్లో ఒంట్లోనే కలిసిపోతుంది. మరి రక్తం ఎటు పోతుంది? రోగులందరూ అడిగే ప్రశ్నే ఇది. కాలి నుంచి పైకి వెళ్లే రక్తంలో దాదాపు 90 శాతం మోసేవి లోతు సిరలు. చెడిపోయిన పైసిర పని చేయకపోగా వాటి మీద అదనపు భారం వేస్తుంది. అది మూసుకుంటే కాలికి తేలికే.

వేడితో మూసే పద్ధతుల్లో ముందు వచ్చింది రేడియోఫ్రీక్వెన్సీ. అమెరికా ఎఫ్‌డీఏ దానికి 1999లో అనుమతి ఇచ్చింది. అదే ఏడాది స్పెయిన్ వైద్యుడు కార్లోస్ బోనే సిర లోపల లేజర్ వాడిన సంగతి బయటపెట్టాడు, 2002లో దానికీ అమెరికాలో అనుమతి దొరికింది.

రేడియోఫ్రీక్వెన్సీ ఎలా చేస్తారంటే, మోకాలి దగ్గర చర్మానికి చిన్న మత్తు సూది ఇచ్చి, అల్ట్రాసౌండ్ తెర చూస్తూ సిరలోకి సూది దింపుతారు. దాని గుండా సన్నటి గొట్టం, గొట్టంలోంచి కేథటర్. కేథటర్ కొస గజ్జల దాకా పోదు. లోతు సిరతో కలిసేచోటికి రెండు సెంటీమీటర్ల కింద ఆగుతుంది. అక్కడికి చేరిందో లేదో ఒకటికి రెండుసార్లు చూసుకుంటారు. ఎందుకంటే వేడి లోతు సిరకు తగిలితే గడ్డ కట్టే ప్రమాదం.

తర్వాతది రోగికి గుర్తుండిపోయే ఘట్టం. సెలైన్‌లో మత్తుమందు, అడ్రినలిన్, కాస్త సోడియం బైకార్బొనేట్ కలిపిన చల్లటి నీటిని సిర పొడవునా చుట్టూ ఎక్కిస్తారు. దీనికోసం తొడ మీద వరసగా సూదులు పడతాయి. నొప్పి లేని వైద్యమని బోర్డుల మీద రాస్తారు గానీ, ఈ సూదులు చురుక్కుమంటాయి. ఇలా మత్తు నింపే పద్ధతిని 1980ల్లో అమెరికన్ చర్మవైద్యుడు జెఫ్రీ క్లైన్ కొవ్వు తీసే ఆపరేషన్ల కోసం తయారు చేశాడు. సిరల వైద్యానికి అది వరమైంది. ఎక్కించిన నీరు నొప్పి తెలియనివ్వదు, సిరను నొక్కి కేథటర్ చుట్టూ బిగిస్తుంది, వేడి చర్మానికీ పక్కనున్న నరాలకూ తగలకుండా అడ్డుగా నిలుస్తుంది. ఇంత పనికొచ్చే నీళ్లు అరుదు!

బల్లను తల వైపు కిందికి వంచుతారు, సిర ఖాళీ అవడానికి. ఈ భంగిమకు పేరు ఆ పాత ట్రెండెలెన్‌బర్గ్‌దే. ఇప్పుడు మీట నొక్కితే కేథటర్ చివరి ఏడు సెంటీమీటర్ల ముక్క 120 డిగ్రీల వేడెక్కి ఇరవై సెకన్లు ఉంటుంది. మెషిన్ కూత పెట్టి ఆగుతుంది. కేథటర్‌ను ఏడు సెంటీమీటర్లు కిందికి లాగి మళ్లీ మీట. గజ్జల దగ్గరి మొదటి ముక్కకు మాత్రం రెండుసార్లు వేడి పెడతారు. తొడ పొడవునా వేడి పెట్టిన సమయం అంతా కలిపినా మూడు నిమిషాలు దాటదు. మిగతా ముప్పావు గంటా తయారీకే. పనయ్యాక ఒక చిన్న ప్లాస్టర్, కాలికి బిగుతు మేజోడు. లేచి నడవమంటారు. నడవడం సలహా కాదు, వైద్యంలో భాగమే. గడ్డలు కట్టకుండా ఉండాలంటే అదే దారి.

లేజర్ కూడా ఇంతే, కేథటర్ బదులు గాజు తీగ. మొదట్లో వాడిన 810, 980 నానోమీటర్ల కిరణాలను రక్తం ఎక్కువ పీల్చుకునేది. అక్కడక్కడ సిర గోడకు చిల్లు పడి తొడ కమిలేది. ఇప్పుడు ఎక్కువగా వాడే 1470 నానోమీటర్ల కిరణాన్ని సిర గోడలోని నీరు పీల్చుకుంటుంది. తీగ కొస నుంచి చుట్టూ సమానంగా వెలుగు చిమ్మేలా చేశారు కూడా. అందువల్ల కమిలిపోవడం, నొప్పి బాగా తగ్గాయి. రేడియోఫ్రీక్వెన్సీ గొప్పా లేజర్ గొప్పా అనే చర్చ డాక్టర్ల సమావేశాలకు వదిలేయొచ్చు. సిర మూసుకోవడంలో రెండూ ఒకదానికొకటి తీసిపోవు.

జిగురు, నురగ

వేడే అక్కర్లేని దారులూ ఉన్నాయి. ఒకటి జిగురు. ఇంట్లో విరిగిన బొమ్మలు అతికించే ఫెవిక్విక్ ఏ జాతి రసాయనమో, ఇదీ ఆ సయనోఅక్రిలేట్ జాతిదే. వైద్యానికి తగ్గట్టు శుద్ధి చేసి మార్చినది. సిరలో చుక్కచుక్కగా వదిలి పైనుంచి నొక్కితే గోడలు అతుక్కుంటాయి. తొడ మీద వరస సూదులుండవు, మేజోడు చాలాసార్లు అక్కర్లేదు. అమెరికా అనుమతి 2015లో వచ్చింది. కిట్ ఖరీదు ఎక్కువ. కొంతమందికి సిర వెంబడి ఎర్రబడి దద్దురు, వాపు రావడం దీనికే ప్రత్యేకమైన ఇబ్బంది. జిగుర్లు, ప్లాస్టర్లు పడని చర్మమైతే ముందే చెప్పాలి.

రెండోది నురగ. ఇందులో తెలివి సరంజామాలో లేదు, చేతిలో ఉంది. ఇటలీ వైద్యుడు లొరెంజో టెస్సారి చూపించిన కిటుకిది. ఒక సిరంజిలో సోడియం టెట్రాడెసిల్ సల్ఫేట్ గానీ పోలిడోకనాల్ గానీ ఒక పాలు, ఇంకో సిరంజిలో నాలుగు పాళ్లు గాలి. మధ్యలో సెలైన్ సీసాలకు వాడే మూడుదార్ల కుళాయి. ఇటునుంచి అటు, అటునుంచి ఇటు ఓ ఇరవైసార్లు తోస్తే తెల్లటి మెత్తటి నురగ తయారు. మందు నీళ్లగా ఉంటే రక్తంలో కలిసి పలచబడిపోతుంది. నురగైతే రక్తాన్ని తోసేసి సిర గోడను అంటుకుంటుంది. చవక, త్వరగా అయిపోతుంది, వయసు మళ్లినవాళ్లకూ, పాత ఆపరేషన్ తర్వాత మళ్లీ వచ్చిన వంకరటింకర సిరలకూ భేషుగ్గా పనికొస్తుంది. చర్మం మీద గోధుమరంగు మచ్చ కొన్ని నెలలు ఉండిపోవచ్చు. అరుదుగా కాసేపు చూపు మసకబారడం, తలనొప్పి వస్తాయి.

పెద్ద సిరకు నురగ ఎంతకాలం నిలుస్తుందన్నదే ప్రశ్న. డెన్మార్క్‌లో 500 మంది రోగులకు లేజర్, రేడియోఫ్రీక్వెన్సీ, నురగ, స్ట్రిప్పింగ్ నాలుగింటినీ పంచి చేసి చూసిన అధ్యయనం 2011లో వచ్చింది. ఏడాదికి నురగ చేసినవాళ్లలో దాదాపు 16 శాతం సిరలు మళ్లీ తెరుచుకున్నాయి. మిగతా మూడింటిలో అది 5 శాతం అటూ ఇటూ. గమనించండి, చిన్నాన్నకు చేసిన స్ట్రిప్పింగ్ కూడా ఆ మూడింటిలో ఒకటే. సిరను లేకుండా చేయడంలో పాత ఆపరేషన్ ఏమీ తీసిపోలేదు. తేడా అంతా నొప్పిలో, మళ్లీ పనిలోకి వెళ్లడానికి పట్టిన రోజుల్లో. బ్రిటన్‌లో ప్రభుత్వ వైద్యానికి దారి చూపే నైస్ సంస్థ 2013లో వరస తేల్చింది. ముందు వేడితో మూసేయడం, అది కుదరకపోతే నురగ, అదీ కుదరకపోతేనే ఆపరేషన్.

పెద్ద సిర మూశాక మెలికల కొమ్మలు కొన్ని వాటంతటవే అణుగుతాయి. అణగనివాటిని రెండు మూడు మిల్లీమీటర్ల గాట్లలోంచి చిన్న కొక్కెంతో తీసేస్తారు. కుట్లు పడవు. స్విట్జర్లాండ్ చర్మవైద్యుడు రాబర్ట్ ముల్లర్ 1950ల్లో మొదలుపెట్టిన పని ఇది.

బోర్డుల మీద రాయనివి

నగరాల్లో ఆటోల వెనకా మెట్రో స్తంభాల మీదా కనబడే ప్రకటనల్లో ముప్పై నిమిషాలు, నొప్పి లేదు, మళ్లీ రాదు అనే మూడు మాటలుంటాయి. మొదటిది దాదాపు నిజం. రెండోది సగం నిజం. మూడోది ఎవరూ ఇవ్వలేని హామీ. ఒక సిర మూసినా మరో సిరలో కవాటం కొన్నేళ్లకు వదులు కావచ్చు. మోకాలి కింద వేడి వాడితే పక్కనే పోయే నరం తగిలి తిమ్మిరి ఉండిపోవచ్చు. లోతు సిరలో గడ్డ కట్టడం అరుదే గానీ జరగని సంగతి కాదు. వారంలోపు మళ్లీ స్కాన్‌కు రమ్మంటే విసుక్కోకుండా వెళ్లవలసింది అందుకే. ఇవన్నీ మొదటి రోజే చెప్పి సంతకం పెట్టించుకునే డాక్టరును అనుమానించకండి. చెప్పనివాళ్లనే అనుమానించాలి.

మీ సన్నటి నీలిగీతల సంగతికొస్తే, ఒక మిల్లీమీటరు లోపు గీతలు అందానికి సంబంధించిన వ్యవహారం. నొప్పి, వాపు లేకుండా ఉబ్బిన సిర కనబడినంతమాత్రాన లేజర్ బల్ల ఎక్కనక్కర్లేదు. గర్భంతో ఉన్నప్పుడు ఉబ్బినవి కాన్పయ్యాక చాలావరకు తగ్గుతాయి, అప్పటిదాకా ఆగాలి. డయోస్మిన్ లాంటి మాత్రలు బరువు, వాపు కొంత తగ్గిస్తాయి, కవాటాన్ని బాగుచేయవు. మేజోళ్లూ అంతే, వేసుకున్నంతసేపే పని చేస్తాయి. పొద్దున మంచం దిగకముందే తొడుక్కోవాలని డాక్టర్లు చెబుతారు. మే నెలలో విజయవాడలో తొడ దాకా బిగుతు మేజోడు వేసుకుని పది గంటలు తిరగమనడం ఎంత న్యాయమో ఆ చెప్పేవాళ్లు ఒకసారి వేసుకుని చూస్తే బాగుండు. వైద్యం కుదిరేవాళ్లకు మేజోళ్లే వైద్యమనడం సరికాదని నైస్ కూడా అంటోంది. షుగరు, పొగతాగే అలవాటు ఉండి కాలికి రక్తం సరిగా అందనివాళ్లు చీలమండ బీపీ చూపించుకోకుండా బిగుతు మేజోళ్లు తొడగనే కూడదు.

పుండుకు ముందు

అసలు తొందరపడవలసినవాళ్లు వేరు. చీలమండకు పైన, లోపలి వైపు చర్మం నల్లబడి గట్టిపడినవాళ్లు. అక్కడే పుండు పడి మానినవాళ్లు, మాననివాళ్లు. మన దగ్గర ఈ పుండు రకరకాల పేర్లతో తప్పించుకుంటుంది. మధుమేహం ఉంటే షుగర్ పుండంటారు. నిజానికి షుగర్ పుండు ఎక్కువగా అరికాల్లో, వేళ్ల దగ్గర, ఒత్తుకునేచోట వస్తుంది. కోస్తా జిల్లాల్లో కాలు వాస్తే బోదకాలేమోనని ముందు అటు పరిగెడతారు. పుండును కడిగి కట్టుకట్టే పని ఏళ్లతరబడి సాగుతుంది, పైనుంచి జారుతున్న రక్తం జోలికి ఎవరూ వెళ్లరు.

బ్రిటన్‌లో ఇలాంటి పుండ్లున్న 450 మందితో చేసిన అధ్యయనం 2018లో వచ్చింది. అందరికీ బిగుతు కట్టు కట్టారు. సగం మందికి రెండు వారాల్లోపే సిర మూసేశారు, మిగతావాళ్లకు పుండు మానాకో ఆరు నెలలు గడిచాకో చూద్దామన్నారు. ముందే మూసినవాళ్లలో సగం మందికి 56 రోజుల్లో పుండు మానింది. ఆగినవాళ్లలో అదే 82 రోజులు పట్టింది. పుండు మానితే అప్పుడు చూద్దాం అనే పాత మాటకు ఇక్కడితో కాలం చెల్లింది.

ఇంకొక్కటి, దీనికి డాక్టరు దాకా ఆగే వ్యవధి ఉండదు. పలచబడ్డ చర్మం కింది సిర స్నానం చేస్తుండగానో గోకినప్పుడో చిట్లితే నొప్పి లేకుండానే రక్తం చిమ్ముతుంది. నిలబడి ఉన్నా కుర్చీలో కూర్చున్నా అది ఆగదు, ప్రాణం మీదికి వచ్చిన సందర్భాలున్నాయి. వెంటనే నేల మీద వెల్లకిలా పడుకుని, కాలు గుండె కన్నా ఎత్తుకు లేపి, శుభ్రమైన గుడ్డతో చిట్లిన చోటే గట్టిగా అదమాలి. పైన తాడు బిగించడం పనికిరాదు. ఆగాక కట్టు కట్టి ఆస్పత్రికి వెళ్లాలి.

డబ్బు దగ్గర రెండు ముక్కలు. ఇది ఒక్క రోజులో ముగిసే డే కేర్ వైద్యమైనా ఆరోగ్య బీమా పరిధిలోకి వస్తుంది. అయితే కొత్త పాలసీల్లో రెండేళ్లు ఆగాలనే జబ్బుల జాబితాలో వేరికోస్ వెయిన్స్ తరచూ ఉంటుంది, ముందే చూసుకోవాలి. ఆరోగ్యశ్రీ మీద ఆధారపడేవాళ్లు ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను ‘వర్తిస్తుందా’ అని మాత్రమే కాదు, ‘ఏ పద్ధతికి వర్తిస్తుంది’ అని అడగాలి. హైదరాబాద్ నిమ్స్‌లో రక్తనాళాల శస్త్రచికిత్సకు ప్రత్యేక విభాగమే ఉంది. వాస్కులర్ సర్జన్, ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్ట్, ఇద్దరూ ఈ పని చేస్తారు.

వైద్యం చేయించుకుని మర్నాడు మళ్లీ పన్నెండు గంటలు నిలబడే ఉద్యోగానికే వెళ్లేవాళ్ల సంగతేమిటి? దోసెల పెనం ముందు మాస్టరు, కూడలిలో ట్రాఫిక్ కానిస్టేబులు, ఇస్త్రీ బల్ల వెనక మనిషి, బట్టల షోరూములో అమ్మాయిలు. పాతకాలం చీరల కొట్లో అమ్మేవాళ్లూ కొనేవాళ్లతోపాటు పరుపు మీదే కూర్చునేవారు. అద్దాల కౌంటర్లు వచ్చాక వాళ్లు లేచి నిలబడ్డారు, మళ్లీ కూర్చోలేదు. కోళికోడ్‌లో పి. విజి అనే దర్జీ ముందుండి దుకాణాల్లో పనిచేసే ఆడవాళ్లను కూడగట్టి కూర్చునే హక్కు కోసం ఏళ్లపాటు పోరాడారు. 2018లో కేరళ తన దుకాణాల చట్టాన్ని సవరించింది. 2021లో తమిళనాడూ ఆ బాటే పట్టి, పనివాళ్లందరికీ ఆసనాలు ఏర్పాటు చేయాలని రాసుకుంది. రోజంతా నిలబెట్టడం వల్ల వాళ్లకు రకరకాల ఆరోగ్య సమస్యలు వస్తున్నాయని ఆ బిల్లులోనే కారణం చెప్పారు. బ్రిటన్ అయితే దుకాణాల్లో పనిచేసే ఆడవాళ్లకు కుర్చీలు వేయాలని 1899లోనే చట్టం చేసింది. ఈసారి పండక్కి బట్టలు కొనడానికి వెళ్లినప్పుడు ధరల చీటీతో పాటు కౌంటర్ వెనక్కి కూడా ఒకసారి తొంగి చూడండి, అక్కడ స్టూలు ఉందో లేదో.